స్టుర్లా చూడని చెవి

సాల్వోర్ మొగుణ్ణి చెరువు మింగింది ఏప్రిల్ నెల ఆఖర్లో. ఆ లోయలో ఎవరినడిగినా నికుర్ లాక్కుపోయిందనే చెప్పేవాళ్ళు. నికుర్ అంటే చెరువు అడుగున ఉండే గుర్రం. బూడిద రంగులో, చూడ్డానికి సాధువుగా, గట్టు మీద మేస్తూ కనబడుతుంది. గిట్టలు మాత్రం వెనక్కి తిరిగి ఉంటాయి. ముచ్చటపడి ఎక్కామా, వీపుకి అతుక్కుపోతాం. అది తిన్నగా నీళ్ళలోకి దిగిపోతుంది. చలికాలంలో చెరువు మీద మంచు పగిలి ఉరిమినప్పుడల్లా అది నికుర్ సకిలింపేనని అక్కడ పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు.

సాల్వోర్ మాత్రం ఒప్పుకోలేదు. "ఆయన్ని మింగింది నికుర్ కాదత్తా, ఏప్రిల్ నెల," అనేది. "మంచు పలచబడింది, చెరువు మీంచి వద్దు, చుట్టూ తిరిగి రమ్మని చెప్పాను. విన్నారా? నా మాట ఎప్పుడు విన్నారు కనక?" ఇలా అంటూనే గుడ్డ తీసుకుని గిన్నెలు గట్టిగా తుడిచేది. ఆయన మేనత్త గ్రోవా ఏమీ అనేది కాదు. కోడలు ఏడవకుండా గిన్నెలు తోముతున్నంత కాలం దగ్గరికి వెళ్ళకూడదని ఆవిడకి తెలుసు.

మనిషితో పాటు ఇంటికున్న ఒక్కగానొక్క గుర్రమూ నీళ్ళ పాలైంది. అసలు కష్టం అక్కడ మొదలైంది.

మే నెలలో సాల్వోర్ వాళ్ళుండే బక్కికి లోయ పెత్తందారు స్టుర్లా వచ్చాడు. చెరువు గట్టున మట్టిపెళ్ళలు పేర్చి కట్టిన ఇల్లూ, ఒక కొట్టమూ, చుట్టూ కాస్త పచ్చికా, బక్కి అంటే అంతే. స్టుర్లా చెడ్డవాడని ఎవరూ అనరు. గొంతు పెద్దది, నలభై గుర్రాలున్నాయి, ఆ రెండూ ఎదటివాళ్ళు మర్చిపోకుండా చూసుకుంటాడు. ఏ ఇల్లయినా సొంతంగా బతకలేకపోతే ఆ ఇంటివాళ్ళని విడదీసి తలా ఒక కొంపకీ పంచేయడం అక్కడి పద్ధతి. పంచే పని అతనిది.

"చూడు సాల్వోరమ్మా," అన్నాడు, ఆవిడ పెట్టిన ఎండుచేపకి వెన్న రాసుకుంటూ. "అక్టోబరులో, చలికాలం మొదటి రోజున వస్తాను. మీ ఆవుకీ పన్నెండు గొర్రెలకీ వసంతం దాకా సరిపడే గడ్డి కొట్టంలో కనబడిందా, నీ ఇల్లు నీది. లేదా, పిల్లని పక్క లోయకి పంపిస్తాను. మంచివాళ్ళే. పెద్దావిడకి ఇంకో చోట చూస్తాను. నువ్వు మా ఇంట్లోనే పనికుండొచ్చు."

"పిల్లకి ఎనిమిదేళ్ళండీ."

"గొర్రెలు కాసే ఈడేగా."

పిల్ల ఉనా తలుపు పక్కనే నిలబడి వింటోంది. సాల్వోర్ కూతురి వంక చూడలేదు. "గడ్డి కనబడుతుంది, రండి," అంది.

అనేసింది గానీ, ఎలా కనబడుతుందో ఆవిడకీ తెలియదు. ఇంటి చుట్టూ ఉన్న పచ్చిక ఆవుకే చాలదు. అసలు మేత అంతా చెరువుకి అవతలి గట్టున, గంట నడక దూరంలో ఉంది. కొయ్యడానికి చేతులున్నాయి. కోసి ఆరబెట్టిన గడ్డిని మోపులు కట్టి గుర్రం మీద రెండు వైపులా వేస్తేనే ఇల్లు చేరుతుంది. వీపు మీద మోస్తే క్రిస్మస్‌కి కూడా సగం చేరదు. గుర్రం అరువిమ్మని మూడిళ్ళలో అడిగింది. కోతల రోజుల్లో గుర్రం ఎవరిస్తారు? అయినా జులైలో కొడవలికి పదును పెట్టుకుని అవతలి గట్టుకి వెళ్ళి కొయ్యడం మొదలుపెట్టింది. ముందు కోద్దాం, మోత సంగతి తరవాత చూద్దాం అనుకుంది.

నాలుగో రోజు పొద్దున్నే ఉనా పరిగెత్తుకుంటూ వచ్చింది. "అమ్మా, గట్టు మీద గుర్రం."

బూడిద రంగు గుర్రం. చెరువుకి పది అడుగుల దూరంలో మేస్తోంది. దాని వెనక తడి మట్టిలో అడుగులు వరసగా పడి ఉన్నాయి. ఆ అడుగులన్నీ నీళ్ళలోకి వెళ్తున్నట్టున్నాయి. గుర్రం మాత్రం బయట ఉంది.

గ్రోవా చేతికర్ర వదిలేసి పిల్లని పట్టుకుంది. "చూశావా గిట్టల గుర్తులు? వెనక్కున్నాయి. మా అమ్మ చెప్పినట్టే ఉంది. దాని పేరు కూడా ఎత్తకు, లోపలికి పద."

"గుర్రంలాగే ఉందత్తా."

"గుర్రంలాగే ఉంటుంది, అదేగా దాని మాయ. దేవుళ్ళ కాలంలో లోకి అనే టక్కరి దేవుడు ఆడగుర్రం వేషం వేసి ఎనిమిది కాళ్ళ గుర్రప్పిల్లని కన్నాడు. వేషగాడు కన్న పిల్ల. అప్పట్నించీ గుర్రాల జాతిలో ఏదో తేడా ఉండనే ఉంది."

"దానికి ఎనిమిది కాళ్ళు. దీనికి నాలుగే కనబడుతున్నాయి. భయం కూడా సగానికి తగ్గించుకో," అంది సాల్వోర్. నడుముకున్న తాడు విప్పుకుని ముందుకి నడిచింది.

ధైర్యంగానే నడిచింది. కానీ మొగుడు పోయిన చెరువు అది. మంచు కరిగిన దగ్గర్నించీ ఆ గట్టున నీళ్ళ అంచుకి ఆవిడ వెళ్ళలేదు. రెండు అడుగులు వేశాక వెనక్కి తిరగాలనిపించింది. కూతురు చూస్తోంది కనక ఆగలేదు.

నికుర్ తన పేరు వింటే తట్టుకోలేదని, చెరువులోకి దూకేస్తుందని అందరూ చెప్తారు. సాల్వోర్ గుర్రం మెడ మీద చెయ్యి వేసి దాని చెవి దగ్గర నోరు పెట్టి, "నికుర్, నికుర్, నికుర్," అంది. గుర్రం ఆవిడ నడుముకి కట్టుకున్న గుడ్డ కొస నములుతూ ఉండిపోయింది. గ్రోవా కళ్ళు మూసుకుని ప్రార్థన పూర్తిచేసి, కళ్ళు తెరిచి, "ఇంకోసారి అను, వినబడలేదేమో," అంది.

సాల్వోర్ వంగి ముందుకాలు ఎత్తి చూసింది. గిట్ట మామూలుగానే ఉంది. దానికి కొట్టిన నాడా తిరగేసి ఉంది. నాలుగు కాళ్ళకీ అంతే. వంకర మేకులతో, తొందర తొందరగా కొట్టినవి. జూన్‌లో ఎవడో దొంగ కొండమీద పచ్చికల మీదుగా పారిపోయాడని విన్న మాట గుర్తొచ్చింది. వెతికేవాళ్ళు అడుగుల్ని పట్టుకుని ఎదురు దిక్కుకి పోవాలని దొంగలు చేసే పని ఇది. దొంగని ఎక్కడో విదిలించుకుని గుర్రం ఈ చెరువుకి వచ్చినట్టుంది.

"రా అత్తా, చూడు. నీ నికుర్ మాయంతా ఇదిగో, కాలికి ఎనిమిది మేకులు."

తరవాత చెవుల మీద జుట్టు పక్కకి తోసి చూసింది. చూసి చెయ్యి తీసేసింది. కుడి చెవి కొస కత్తిరించి ఉంది. ఎడమ చెవి వెనక అంచున రెండు గాట్లు. ఆ లోయలో గుర్రానికైనా గొర్రెకైనా చెవి మీద గుర్తు పెడతారు, ఏ గుర్తు ఎవరిదో పిల్లలు కూడా చెప్తారు. ఇది స్టుర్లాది. కిందటేడు మాలిమి చేసి, కొండమీద మేతకి వదిలేసిన లేత వయసు గుర్రాల్లో ఒకటి. సెప్టెంబరులో కొండ దించేదాకా వాటిని ఎవరూ లెక్క చూడరు. పోయిన సంగతి కూడా అతనికి తెలియదు.

గ్రోవా కూడా దగ్గరికొచ్చి చూసింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"చెప్పేస్తావా?" అంది ముసలావిడ.

దాచాలని సాల్వోర్‌కి అనిపించలేదంటే అబద్ధం. అవతలి గట్టున మూడు రోజుల గడ్డి ఆరి ఉంది, వాన ఎప్పుడైనా రావచ్చు. కానీ సాల్వోర్ దొంగ కాదు, దొంగ అనిపించుకునే ఓపికా లేదు. "చెప్తాను. పద్ధతి ప్రకారం ఎంత చెప్పాలో అంత చెప్తాను," అంది.

పద్ధతి ఏమిటంటే, దారితప్పిన జంతువు దొరికినవాళ్ళు మూడు ఆదివారాలు చర్చి బయట అందరి ముందూ చాటాలి. రంగు చెప్పాలి, దొరికిన చోటు చెప్పాలి. చెవి గుర్తు మాత్రం చెప్పకూడదు. చెప్తే ఎవడు పడితే వాడు నాదంటాడు కదా. తనదనుకున్నవాడు వచ్చి, చెవి చూసి, రుజువు చేసుకోవాలి. ఈలోగా మేత పెట్టినవాళ్ళు పని చేయించుకోవచ్చు. మూడో ఆదివారం దాటాక ఎవరూ రాకపోతే దొరికినవాళ్ళదే.

మొదటి ఆదివారం ప్రార్థన అయ్యాక సాల్వోర్ చర్చి గోడ పక్క రాయెక్కి నిలబడింది. స్టుర్లా ఒక్క మాట, వచ్చి చూస్తాను అంటే చాలు, గుర్రం పోతుంది, దాని వెనకే గడ్డి, దాని వెనకే ఉనా. అయినా స్పష్టంగా చాటింది. "బూడిద రంగు మగగుర్రం. మా చెరువు గట్టున దొరికింది. కావలసినవాళ్ళు వచ్చి చెవి చూసుకోండి."

అప్పటికే ఆ అడుగుల కబురు లోయంతా పాకింది. దారిన పోతూ చూసిన ఇద్దరు కాపరులు వాటికి కొమ్ములూ తోకలూ తగిలించేశారు. గుర్రం ఊపిరి విడిస్తే నీళ్ళు పడుతున్నాయని ఒకడు, మెడ మీద జుట్టుకి బదులు నాచు ఉందని ఇంకొకడు. జనం సాల్వోర్ నుంచి ఒక అడుగు వెనక్కి జరిగారు.

"అది గుర్రం కాదమ్మాయ్," అన్నాడు స్టుర్లా, గొంతు బాగా పెంచి. "దాన్ని వదిలెయ్. మా వంశానికి తెలిసినంత వాటి సంగతి ఇంకెవరికీ తెలియదు."

ఆ మాట నిజమే. స్టుర్లా ముత్తాత ఒక నికుర్‌కి కళ్ళెం వేసి, ఈ చర్చి గోడకి రాళ్ళు మోయించాడని ఆ ఇంటి కథ. లోయలో ఏ పెళ్ళయినా మూడో గ్లాసు తరవాత స్టుర్లా ఆ కథ చెప్పి తీరతాడు.

"అందుకేనండీ మిమ్మల్నే అడుగుతున్నాను," అంది సాల్వోర్. "మీరొచ్చి ఒక్కసారి చెవి చూడండి. మా ఇల్లు దూరం కాదుగా."

"నాకు పనుంది," అన్నాడు అతను.

సోమవారం పొద్దున్నించీ సాల్వోర్ మోపులు కట్టింది. తిరగేసిన నాడాలు పీకి, సరిగ్గా కొట్టింది. ఉనా గుర్రాన్ని నడిపించింది, గ్రోవా కొట్టంలో గడ్డి పేర్చింది. రోజుకి నాలుగు విడతలు. గుర్రం కాస్త బద్ధకిష్టి, మలుపు దగ్గరకి రాగానే ఆగి మేస్తానంటుంది. "నికుర్లకి ఇంత ఆకలుంటుందని ఏ కథలోనూ వినలేదు," అని గ్రోవా విసుక్కునేది.

రెండో ఆదివారం మళ్ళీ చాటింది. ఈసారి పాస్టరుగారు కూడా, "స్టుర్లాగారూ, పద్ధతి ప్రకారం పెద్దమనిషిగా మీరు వెళ్ళి చూస్తే బాగుంటుందేమో," అన్నారు.

"మోకాలు నెప్పిగా ఉంది," అన్నాడు స్టుర్లా.

"పోనీ నేనే తీసుకొస్తాను, ఇక్కడే చూద్దురు," అంది సాల్వోర్. "పిల్లదాని మాట కూడా వింటుంది."

"చర్చి దగ్గరికా? ఆ దయ్యాన్నా?" అతని మొహం పాలిపోయింది. మాట గట్టిగానే వచ్చింది గానీ, చేతులు కోటు బొత్తాలు వెతుక్కుంటున్నాయి. సాల్వోర్‌కి అప్పుడు అర్థమైంది. ఇతను ఊరికే బిగదీసుకోవడం లేదు, నిజంగానే భయపడుతున్నాడు. చిన్నప్పట్నించీ ఆ కథ చెప్పీ చెప్పీ, ఆ ఇంట్లో అందరికంటే ఎక్కువ నమ్మింది ఇతనే. ఆవిడకి జాలేసింది. జాలి వేసినంత మాత్రాన మోపులు కట్టడం ఆపలేదు.

మూడో ఆదివారానికి కొట్టం ముప్పావు వంతు నిండింది. చర్చి బయట జనం మామూలుకంటే ఎక్కువమంది ఉన్నారు, ఈ తమాషా చూద్దామని. సాల్వోర్ అదే రాయెక్కి అవే మాటలు చెప్పింది. ఆఖర్న స్టుర్లా వైపు తిరిగి, "ఇది మూడోసారండీ. మళ్ళీ అడగను. వచ్చి చెవి చూస్తారా?" అంది.

వెనకనించి ఒక ఆడమనిషి, "మీ ముత్తాతగారు కళ్ళెమే వేశారు, మీరు చెవి చూడలేరా?" అంది. అందరూ నవ్వారు.

స్టుర్లా మెడ దాకా ఎర్రబడ్డాడు. "ఇదిగో, అందరూ వినండి. ఈ లోయలో ఏ మనిషి గుర్రమూ కాదది. నాది కాదు, మీదీ కాదు. నీళ్ళలోంచి వచ్చింది, నీళ్ళలోకే పోతుంది. ఈలోగా దానికి మేత పెట్టే గుండె ఎవరికుంటే అది వాళ్ళది. లోయ పెద్దగా చెప్తున్నాను. అయిపోయింది."

"విన్నట్టేనా అందరూ?" అన్నారు పాస్టరుగారు. విన్నామన్నారు.

సెప్టెంబరులో కొండమీంచి మందలు దించినప్పుడు స్టుర్లా గుర్రాల్లో ఒక బూడిద రంగుది తక్కువైందని, ఏ అగాధంలోనో పడి ఉంటుందని అతని మనుషులు చెప్పుకున్నారు. సాల్వోర్ అక్కడే తన పన్నెండు గొర్రెల్ని ఏరుకుంటోంది. విని, తల దించుకుని పని చూసుకుంది. అప్పటికి గడ్డి అంతా ఇల్లు చేరిపోయింది.

అక్టోబరులో, చలికాలం మొదటి రోజున, అన్నమాట ప్రకారం స్టుర్లా వచ్చాడు. సాక్షిగా పాస్టరుగారిని వెంటబెట్టుకొచ్చాడు. వాళ్ళ వెనక మూడో గుర్రం ఉంది, దాని మీద చిన్నపిల్లలు కూర్చునే జీను. పిల్ల బట్టలు పెట్టుకోవడానికి ఒక ఖాళీ సంచీ కూడా కట్టి ఉంది. సాల్వోర్ ఆ జీను చూసింది. వచ్చినవాళ్ళకి నమస్కారం చెప్పడం కూడా మర్చిపోయింది.

"రండి, కొట్టం ఇటు," అంది.

స్టుర్లా తన పని శ్రద్ధగా చేశాడు. కర్రతో గడ్డి ఎత్తు కొలిచాడు, మధ్యలోకి చెయ్యి దూర్చి తడి ఉందేమో చూశాడు, గుప్పెడు తీసి వాసన చూశాడు. గడ్డి పచ్చగా, పొడిగా, పైకప్పు దూలాలకి ఆనుతూ ఉంది.

"సరిపోతుంది," అన్నాడు చివరికి. "ఏప్రిల్ దాటినా మిగులుతుంది. ఒక్క ఆడదానివి ఇదంతా ఎలా..."

"మీరు చెప్పినట్టే. మేత పెట్టాను, పని చేయించుకున్నాను."

బయటికొస్తే గుర్రం కొట్టం గోడ పక్కనే కట్టేసి ఉంది. తప్పించుకు పోవడానికి దారి లేదు, గోడకీ పేడకుప్పకీ మధ్య మనిషి పట్టేంత సందు. స్టుర్లా ఆగిపోయాడు. గుర్రం తల తిప్పి అతని కోటు జేబు వాసన చూసింది. అంత దగ్గరనించి చూడక తప్పలేదు. కుడి చెవి కొస కత్తిరింపు. ఎడమ చెవికి రెండు గాట్లు. ఆ గాట్లు పెట్టింది అతని చేతులే.

సాల్వోర్ కట్టు విప్పి తాడు అతని చేతికిచ్చింది.

"మూడు ఆదివారాలు రమ్మని అడిగాను," అంది, వెటకారం లేకుండానే. "ఇప్పుడు చూశారు. పద్ధతి ప్రకారం నాదే. అయినా మీ పెరట్లో పుట్టిన జీవం. మీదైతే మీదని చెప్పండి, తీసుకెళ్ళండి. నాకు కావలసింది కొట్టంలో ఉంది."

పాస్టరుగారు ముందు గుర్రం చెవి వైపు, తరవాత స్టుర్లా వైపు, ఆ తరవాత ఆకాశం వైపు చూశారు. స్టుర్లా తాడు పట్టుకుని నిలబడ్డాడు. తీసుకెళ్ళాలంటే పట్టపగలు తొమ్మిది ఇళ్ళ ముందునించి నడిపించుకెళ్ళాలి. ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు గుమ్మంలోకి వచ్చి, ఏమండీ, మీ గుర్రాన్ని చూసే మీరు అంత హడలిపోయారా అంటారు. ఇక ఏ పెళ్ళిలో ఆ కథ చెప్పగలడు?

తాడు తిరిగి ఆవిడ చేతిలో పెట్టేశాడు. "నాది కాదు," అన్నాడు. "నికుర్ సంగతి మా వంశానికి తెలుసు. మనుషుల్ని నమ్మించడానికి అది ఎవరో ఒకరి గుర్తు చెవి మీద వేసుకుని మరీ వస్తుంది. ఈసారి నాది వేసుకొచ్చింది. మహా మాయదారిది."

"అలాగా," అన్నారు పాస్టరుగారు, దగ్గు వచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని. "ఇది నేనెప్పుడూ వినలేదు."

ఇప్పుడు ఆ లోయలో అందరూ విన్నారు. నికుర్‌కి దొంగ గుర్తు ఉంటుందని, అందుకే చెవి చూసి మోసపోకూడదని ముసలమ్మలు పిల్లలకి చెప్తూనే ఉన్నారు. ఆ ముక్క ఎక్కడ పుట్టిందో చెప్పమంటే బక్కి పేడకుప్ప పక్కన అని ఎవరూ చెప్పరు, వెయ్యేళ్ళ నాటిదంటారు.

వచ్చినవాళ్ళు గుర్రాలెక్కారు. ఉనా తల్లి పక్కకొచ్చి నిలబడి, "అమ్మా, ఆ చిన్న జీను ఎవరికోసం తెచ్చారు?" అంది.

అబద్ధం చెప్పొచ్చు. సాల్వోర్ చెప్పలేదు. "నీకోసం," అంది. "చూడు, ఖాళీగా వెళ్తోంది."

ఇద్దరూ చూస్తూ నిలబడ్డారు. జీను మీద కట్టిన ఉత్తి సంచీ గాలికి ఊగుతూ దిబ్బ ఎక్కి అవతలికి దిగిపోయింది. అప్పుడు సాల్వోర్ గడప మీద కూలబడి ఏడ్చింది. ఏప్రిల్‌లో ఏడవనిది కూడా కలిపి ఏడ్చింది, ఆయన పేరు పెట్టి పిలుస్తూ, ముక్కు కూడా తుడుచుకోకుండా. ఉనా భయపడి దగ్గరికి పోబోతే గ్రోవా చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఏడవనియ్యవే. మీ అమ్మకి ఇవాళే తీరిక దొరికింది," అంది.

పాలు పితికే వేళయిందని ఆవు రెండుసార్లు అరిచేదాకా సాల్వోర్ అక్కడి నుంచి లేవలేదు.